తూర్పు శిఖంలో పోసిన మట్టి

తాటిమడుగు,
నడిగూడెం మండలం,
ఫిబ్రవరి 3

వదినకు,

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్ చేద్దామంటే నా ఫోన్ నా దగ్గర ఉండడం లేదు. నేను సర్పంచ్‌గా గెలిచిన మర్నాటి నుంచి అది మీ తమ్ముడి జేబులోనే ఉంటోంది. ఎవరు చేసినా "సర్పంచ్‌నే మాట్లాడుతున్న, చెప్పుండ్రి" అంటున్నాడు. మొన్న మండలాఫీసు నుంచి ఎవరో మేడం చేసి, "సర్పంచ్ ఆడమనిషని విన్నామే" అన్నదట. ఆ ముచ్చట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు నేనూ నవ్వాను.

అసలు సంగతి ఇది. కోదాడ నుంచి భాస్కర్ అనే వెంచర్ ఆయన వారంగా మన ఇంటికి తిరుగుతున్నాడు. మన పెద్దచెరువు పక్కన విల్లాలు కడతాడట. పేరు కూడా పెట్టేశాడు, 'పద్మసాగర్ లేక్ వ్యూ'. దానికి పంచాయతీ తీర్మానం కావాలి. ఫైలు తెచ్చి మీ తమ్ముడి చేతికిచ్చాడు. నేను అక్కడే చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"చెరువుకు ఏ పక్కన?" అని అడిగాను.

"మీరేం కంగారు పడకండమ్మా, అన్నీ చట్టప్రకారమే చేస్తున్నాం" అన్నాడు భాస్కర్.

నేను కంగారు పడలేదు వదినా. ఏ పక్కన అని అడిగాను. ఫైలులో సర్వే నంబర్లున్నాయి, ఇంగ్లీషులో 'చెరువుకు ఆనుకుని' అని ఉంది. చెరువుకు నాలుగు పక్కలున్నాయి. ఆయన వెళ్లాక మళ్లీ అడిగితే మీ తమ్ముడు, "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను సూసుకుంట" అన్నాడు.

నాలుగేళ్ల కింద మన చెరువును రక్షిత చిత్తడి నేల అని ప్రకటించి, పక్షుల బొమ్మలతో కట్ట మీద బోర్డు పెట్టారు, గుర్తుందా? చలికాలం ఎక్కడెక్కడి నుంచో వచ్చే బాతులను చూడటానికి నువ్వు మీ బడి పిల్లలను తీసుకొచ్చావు. ఆ బోర్డు ఇప్పుడు కట్ట మీద లేదు. పంచాయతీ ఆఫీసు వెనక, నీళ్ల ట్యాంకర్ కింద బోర్లా పడి ఉంది. ఎవరు పీకారంటే ఎవరికీ తెలియదంటున్నారు.

నీ మాట మీ తమ్ముడు వింటాడు. ఒకసారి చెప్పు. జవాబు మన అంగన్‌వాడీ సాయమ్మ పేరు మీద రాయి. ఆమె నా చేతికే ఇస్తుంది.

ప్రశాంతి

మిర్యాలగూడ,
ఫిబ్రవరి 14

ప్రశాంతికి,

నీ ఉత్తరం బడికి వచ్చింది. స్టాఫ్ రూములో అందరూ వింతగా చూశారు. చేతిరాత ఇంకా సూర్యాపేటలో డిగ్రీ చదివిన నాటిలాగే గుండ్రంగా ఉంది.

ఫోన్ సంగతి తమ్ముడిని గట్టిగానే అడుగుతాను. వాడికి నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. నీ గెలుపు కోసం ఇల్లిల్లూ తిరిగినవాడు వాడే. కొత్త పదవి, కొత్త పనులు. మొదటి తీర్మానంతోనే ఇంట్లో గొడవ పెట్టుకోవద్దు.

ఇక వెంచర్ అంటావా, మనం వద్దన్నా ఊళ్లు పెరుగుతూనే ఉన్నాయి. హుజూర్‌నగర్ దారిలో చూడు, పొలాలు ఎక్కడున్నాయి? అధికారులు వచ్చి చూడకుండా అనుమతి ఇవ్వరు కదా. తూర్పు వైపు ఎలాగూ నేల మెరకగా ఉంటుంది, నీళ్లు అక్కడిదాకా రావడం ఎప్పుడో ఒకసారి. మీ అన్నయ్య కూడా అదే అన్నారు. మిల్లులో సీజన్ పని, ఆయన ఇంటికి రావడమే ఆలస్యమవుతోంది.

నాన్న ఇంకా గొర్లతో ఎండలో తిరుగుతున్నాడా? నువ్వైనా వద్దని చెప్పు. పిల్లలకు ముద్దులు.

మీ వదిన
గీత

తాటిమడుగు,
మార్చి 12

వదినకు,

నిన్న అధికారులు చెరువు చూడటానికి వచ్చారు. అదంతా నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

నీటిపారుదల నుంచి ఒకాయన, రెవెన్యూ నుంచి ఒకాయన, సర్వేయర్ ఒకాయన. భాస్కర్ కారులోనే వచ్చారు, భాస్కర్ పెట్టిన భోజనమే తిన్నారు. తిన్నాక కట్ట మీద నిలబడి చెరువు వైపు చూశారు. యాసంగి వరికి తూము వదిలి నెలయింది కదా, నీళ్లు నడిమధ్యకు పోయాయి. తూర్పు శిఖం, చెరువు నిండితే మునిగే ఆ నేలంతా, నెర్రెలు విచ్చి ఉంది. మామయ్య గొర్లు అక్కడే మేస్తున్నాయి.

"చూడండి సార్, ఇక్కడ నీళ్లెక్కడున్నాయండీ?" అన్నాడు భాస్కర్.

"లెవ్వు" అన్నాడు నీటిపారుదల ఆయన, రాసుకున్నాడు.

నేను ఉండబట్టలేక, "సార్, దసరాకు వచ్చి సూడుండ్రి. మీరు నిలబడ్డ కట్ట నుంచి గా తుమ్మల దాక నీళ్లే ఉంటయి" అన్నాను.

"ఇప్పుడు కనపడేదే మేం రాస్తమమ్మా."

"చెరువు నిండితే నీళ్లు ఎందాక నిలుస్తయో హద్దురాళ్లు ఉండె గదా. అవి ఏడ పోయినయి?"

సర్వేయర్ మ్యాపు మడతపెట్టుకున్నాడు. మీ తమ్ముడు నా మోచేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, "నలుగుట్ల పరువు తీస్తున్నవ్" అన్నాడు. ఎవరి పరువు వదినా? ఎండాకాలంలో వచ్చి చెరువును చూసి, నీళ్లు లేవని రాసుకుపోయినవాళ్ల పరువుకు ఏమీ కాలేదు. మళ్లీ భాస్కర్ కారులోనే వెళ్లారు. ఇంత చదువు చదివి, ఇంత జీతం తీసుకుని, చెరువనేది నిండుతుంది ఎండుతుంది అని తెలియకనా?

తెలుసు. నిలువెల్లా తెలుసు.

ఇంకో మాట. ప్లాట్లు తూర్పు వైపని నాకు నిన్ననే తెలిసింది. సర్పంచ్‌నైన నాకే నిన్ననే తెలిసింది. మిర్యాలగూడలో కూర్చున్న నీకు నెల కిందనే ఎట్లా తెలుసు? నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. 'తూర్పు వైపు ఎలాగూ నేల మెరకగా ఉంటుంది' అని రాశావు. అక్కడ మెరక లేదని నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఆ నీళ్లలో ఈత నేర్చుకున్నది నువ్వు.

ఇవాళ పొద్దుటి నుంచి టిప్పర్లు మొరం తెచ్చి శిఖంలో పోస్తున్నాయి. అనుమతి ఇంకా రాలేదు, తీర్మానం మీద నేను సంతకం పెట్టలేదు, అయినా పోస్తున్నాయి. ఆ టిప్పర్లు ఎవరివో ఇప్పుడు రాయలేను.

ప్రశాంతి

మిర్యాలగూడ,
మార్చి 20

ప్రశాంతీ,

అడిగావు కనుక చెబుతున్నాను. మేం అక్కడ ఒక ప్లాట్ తీసుకున్నాం. మీ అన్నయ్య పేరు మీద. పదిహేనేళ్లుగా కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మిల్లు దుమ్ములో ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. రిటైరయ్యాక మా ఊరి గాలికి వెళ్లి ఉందామన్నది నా కోరికే. తమ్ముడే చూపించాడు, తక్కువలో ఇప్పించాడు. తప్పేముంది ఇందులో? దొంగతనం చేశామా?

నువ్వు అడిగిన తీరు నాకు బాధ కలిగించింది. ఆ కుర్చీ నీకు ఎవరి వల్ల వచ్చిందో ఒకసారి ఆలోచించు. చెరువు పేరు చెప్పి ఇంటి మనుషులనే దోషుల్ని చేస్తే రేపు నీ పక్కన ఎవరు నిలబడతారు?

పై అధికారులు చూసి సరేనన్నదాన్ని మనం కాదనడానికి ఎవరం? తీర్మానం మీద సంతకం పెట్టు. ఈ విషయం మీద ఇక నాకు రాయవద్దు.

గీత

తాటిమడుగు,
ఏప్రిల్ 6

గీత గారికి,

రాయవద్దన్నారు. మీ నాన్నగారి సంగతి కనుక రాస్తున్నాను.

మామయ్య వాకిట్లో జారిపడ్డాడని మీకు ఫోన్లో చెప్పారట. ఆయన వాకిట్లో పడలేదు.

తూర్పు శిఖంలో పోసిన మొరం పైకి ఎండి గట్టిగా కనబడుతుంది. కింద అంతా చెరువు బురద. అలవాటైన దారి కదా, నీళ్ల కోసం గొర్లు దాని మీదకే పోయాయి. కడుపుతో ఉన్న ఒక గొర్రె నడుము దాకా దిగబడింది. మామయ్య కర్ర పక్కన పడేసి దాన్ని లాగడానికి వెళ్లాడు. ఆయన కూడా దిగబడ్డాడు. గట్టు మీద తన గొర్లను కాస్తున్న బీరయ్య ఆ కేకలు విని పరుగెత్తి, ఇంకో ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ తువ్వాళ్లు ముడివేసి ఆయన్ను బయటకు లాగారు. లాగేటప్పుడు తుంటి ఎముక విరిగింది. గొర్రె దక్కలేదు.

నేను వెళ్లేసరికి ఆయన్ను గడ్డి మీద పడుకోబెట్టారు. ఒళ్లంతా నల్లటి బురద. నన్ను చూసి, "గొర్రెను తీసిన్రా బిడ్డా?" అని అడిగాడు. తీశారని అబద్ధం చెప్పాను.

టిప్పర్లు ఎవరివో రాయలేనన్నాను గుర్తుందా? మీ తమ్ముడివి. భాస్కర్ దగ్గర పని ఒప్పుకుని, కిరాయికి తెచ్చి నడిపిస్తున్నాడు. ఆ మొరం పోయించింది ఆయన. మామయ్యను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయిందీ ఆయనే. దారంతా ఏడ్చాడు. ఇంటికొచ్చి, "అక్కకు వాకిట్ల పడ్డడని చెప్పిన. నువ్వు వేరే చెప్పకు" అన్నాడు. మర్నాడు టిప్పర్లు మళ్లీ వచ్చాయి.

మీరు చెప్పినట్టు నేను ఆలోచించాను. ఈ నెల ఇరవై రెండున బడి ఆవరణలో గ్రామసభ. వెంచర్ మీద ఊరి అభిప్రాయం రాసుకోవడానికి అధికారులు వస్తారు. నా పక్కన ఎవరు నిలబడతారో ఆ రోజు చూస్తాను.

ప్రశాంతి

సూర్యాపేట,
ఏప్రిల్ 15

ప్రశాంతీ,

నాన్న మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. బడికి సెలవు పెట్టి వచ్చాను. ఆపరేషన్ అయింది. నడవడానికి చాలా కాలం పడుతుందని డాక్టర్ అన్నాడు.

వచ్చిన రెండో రోజు జావ తాగిస్తుంటే ఆయనే అన్నాడు: "మట్టి మనోడు పోసిందేనట గదా. తప్పు ఎవల మీద పెడతం బిడ్డా? నువ్వు గాడ ఇల్లు కట్టుకుంటవట. జర పునాది లోతుకు తీయించుకో, అడుగున బురద ఉన్నది."

కోపంగా అన్నది కాదు. నా మేలు కోరి చెప్పాడు. నేను గ్లాసు కింద పెట్టి వరండాలోకి వెళ్లిపోయాను.

ఆదివారం మీ అన్నయ్యను రమ్మని, ఇద్దరం కోదాడ వెళ్లి భాస్కర్‌ను కలిశాం. మా ప్లాట్ ఎక్కడో చూపించమన్నాను. డబ్బు కట్టినవాళ్లం, అప్పటిదాకా ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. కారులో తీసుకెళ్లాడు. సున్నం గీతల మధ్య నిలబెట్టి, "ఇదేనండీ మేడమ్ మీది, ఈస్ట్ ఫేసింగ్" అన్నాడు.

ఎదురుగా తుమ్మచెట్లు. చిన్నప్పుడు వానాకాలంలో ఆ తుమ్మల మొదలు అంటుకుని రావాలని నేనూ తమ్ముడూ పందెం వేసుకునేవాళ్లం. నేను నిలబడ్డ చోట నాకు కాళ్లు అందేవి కావు. అక్కడ తమ్ముడు ఒకసారి మునిగితే నేను జుట్టు పట్టుకుని లాగాను.

"ఇక్కడ నీళ్లు ఉంటయి" అన్నాను.

"అబ్బే, అవన్నీ పాత రోజులండీ. ఇది హద్దుకు బయటే ఉంది. సర్టిఫికెట్ కూడా ఇస్తాం."

"నేను ఈ ఊరి పిల్లనే. ఈడ మునిగినోళ్లం మేము. నాకు సర్టిఫికెట్ ఇస్తవా నువ్వు?"

మీ అన్నయ్య ఊరుకోమన్నారు. ఆయన బాధ ఆయనది, ఉన్నదంతా అందులో పెట్టాం. కానీ ప్రశాంతీ, నాకు అన్నిటికంటే ఎక్కువ మండిపోతున్నది ఒకటుంది. మాలాంటివాళ్లకు ఇల్లు కావాలని వీళ్లకు తెలుసు. ఆ ఆశను పట్టుకునే చెరువును ముక్కలు చేసి అమ్ముతున్నారు. రేపు వాన పడి ఇంట్లోకి నీళ్లొస్తే ఆక్రమణదారులని మా పేరే రాస్తారు. భాస్కర్ అప్పటికి ఇంకో చెరువు దగ్గర ఉంటాడు.

నాన్నను ఇంకోసారి వదిలి గ్రామసభకు రాలేను. నా అభ్యంతరం రాసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ప్లాట్ కొన్నవాళ్లుగా మా పేర్లు పెట్టాను. మీ అన్నయ్య దాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, చివరికి తనూ సంతకం చేశారు. అందరి ముందు చదువు. తమ్ముడు అక్కడే ఉంటాడని తెలుసు. ఉన్నా చదువు.

నన్ను మళ్లీ 'గారు' అనవద్దు.

మీ వదిన

తాటిమడుగు,
ఏప్రిల్ 24

వదినకు,

ఇది మామయ్యకు కూడా చదివి వినిపించు.

బడి ముందర టెంట్ వేశారు. నేను వెళ్లేసరికి అధికారుల మధ్య కుర్చీలో మీ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నాకు చివర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. జనం చూస్తున్నారు. నేను ఆయన ముందుకు వెళ్లి, "జర లెవ్వు. గది నేను కూసునే కుర్చీ" అన్నాను. మెల్లగానే అన్నాను గానీ మైకు ఆన్‌లో ఉంది. ఆయన నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో, లేచి వెళ్లి జనంలో నిలబడ్డాడు. నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

భాస్కర్ చాలాసేపు మాట్లాడాడు. రోడ్లు వస్తాయి, లైట్లు వస్తాయి, ఊరి పిల్లలకు వాచ్‌మెన్ పనులు దొరుకుతాయి అన్నాడు. తండా నుంచి ఫూల్‌సింగ్ లేచాడు.

"సారూ, రెండేండ్ల కింద పెద్ద వాన పడ్డప్పుడు చెరువు మొత్తం ఉండంగనే నీళ్లు మా గడపల దాక వచ్చినయి. పిల్లలను ఎత్తుకుని గుట్ట ఎక్కినం. ఇప్పుడు సగం చెరువు మట్టితోని నింపుతె గా నీళ్లు ఏడికి పోవాలె? నీ విల్లాలకా, మా గుడిసెలకా?"

భాస్కర్ డ్రైనేజీ అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత బీరయ్య లేచి మామయ్యకు జరిగింది చెప్పాడు. మట్టి ఎవరు పోశారో చెప్పలేదు. అందరికీ తెలుసు, అందరూ మీ తమ్ముడి వైపు చూడకుండా కూర్చున్నారు.

అప్పుడు నువ్వు రాసిచ్చిన అభ్యంతరం చదివాను. 'నేను ఈ వెంచర్‌లో ప్లాట్ కొన్నదాన్ని. నా ప్లాట్ చెరువులో ఉంది. నాకు ఇల్లు కావాలి గానీ చెరువులో వద్దు' అన్నచోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. తలెత్తి చూస్తే మీ తమ్ముడు లేడు. సగంలోనే వెళ్లిపోయాడట.

చేతులెత్తమంటే దాదాపు ఊరంతా ఎత్తింది. రెవెన్యూ ఆయన కాగితాలు సర్దుకుంటూ, "ఇది మీ అభిప్రాయం మాత్రమేనమ్మా. నిర్ణయం పైన జరుగుతది" అన్నాడు.

"అభిప్రాయం కోసమే వచ్చిన్రు గదా సార్. మీరు రాసుకున్నది ఒకసారి చదివి వినిపించుండ్రి."

చదవడానికి ఇష్టపడలేదు. ఆడవాళ్లు గేటు దగ్గరికి జరిగి నిలబడ్డారు. చదివాడు. ఏం రాశాడో తెలుసా వదినా? 'కొందరు గ్రామస్తులు స్వల్ప సందేహాలు వ్యక్తం చేసినారు.' అంతే. మామయ్య తుంటి ఎముక, ఫూల్‌సింగ్ గడప దాకా వచ్చిన నీళ్లు, నీ ప్లాట్, అన్నీ కలిపి స్వల్ప సందేహాలు.

"కొందరు కాదు సార్. సందేహం కాదు. ఊరు వద్దన్నది. గట్లనే రాయుండ్రి" అన్నాను. కొట్టేసి, మళ్లీ రాసి, చదివాకే కదలనిచ్చాం. తీర్మానం కూడా అక్కడే రాసి సంతకం పెట్టాను. వద్దని.

మీ తమ్ముడు ఆ రోజు నుంచి పొలం దగ్గర కొట్టంలో పడుకుంటున్నాడు. అన్నం బీరయ్యతో పంపిస్తున్నాను. గిన్నె ఖాళీగానే తిరిగొస్తోంది.

నీ ప్రశాంతి

మిర్యాలగూడ,
మే 20

ప్రశాంతికి,

నాన్నను మా ఇంటికి తెచ్చుకున్నాం. వాకర్ పట్టుకుని వంటింటి దాకా వస్తున్నాడు. గొర్లను బీరయ్య చూసుకుంటున్నాడని రోజూ చెప్పాల్సి వస్తోంది.

లేఅవుట్ ఆపేశారని పేపర్లో చూశాను. 'తదుపరి ఉత్తర్వుల వరకు' అట. సంతోషించాలో వద్దో తెలియలేదు. పోసిన మట్టి తీయమని అందులో ఒక్క ముక్క లేదు. భాస్కర్ మీద కేసు లేదు, నీళ్లు లేవని రాసుకుపోయినవాళ్ల మీద విచారణ లేదు. చెరువు చెరువుగానే ఉండాలంటే ఊరంతా పోట్లాడాలా? మా డబ్బు కోసం మేమూ, ఇక్కడ ప్లాట్లు కొన్న మరికొందరూ కలిసి ఫిర్యాదు చేశాం. వస్తుందన్న ధైర్యం మీ అన్నయ్యకు లేదు.

నిన్న తమ్ముడు వచ్చాడు. నాన్న మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నాన్న కూర్చోమంటేనే కూర్చున్నాడు. నాతో, "అందరి ముందట నన్ను కుర్చీల నుంచి లేపింది. నువ్వు గూడ ఆమె దిక్కే రాసినవ్" అన్నాడు.

"నేను ఆమె దిక్కు రాయలేదురా. నువ్వు మునిగిన కాడ ఇల్లు కట్టుకోనని రాసిన" అన్నాను.

ఏమీ అనలేదు. అన్నం తినకుండా వెళ్లిపోయాడు. వాడు నా తమ్ముడు, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. అయినా ఆ మట్టి అక్కడ ఉన్నంత కాలం నాకు కోపం తగ్గదు. నువ్వు ఏం చేయదలిచావో రాయి.

వదిన

తాటిమడుగు,
మే 30

వదినకు,

మట్టి ఎవరు తీయిస్తారని పైన అడిగాను. నీటిపారుదలవాళ్లు రెవెన్యూ అన్నారు, రెవెన్యూవాళ్లు పంచాయతీ అన్నారు. సరే, పంచాయతీనే కదా అని, శిఖంలో మట్టి పోసినవాళ్లు సొంత ఖర్చుతో తీయాలని నిన్న నోటీసులు రాయించాను. ఒకటి భాస్కర్‌కు, కోదాడకు పోస్టులో పంపాను. రెండోది టిప్పర్లు నడిపిన కాంట్రాక్టర్‌కు. కార్యదర్శి రాజారత్నం ఆ పేరు చూసి కలం ఆపి, "రాయాల్నా మేడం?" అన్నాడు. రాయమన్నాను.

ఆ నోటీసు ఇవ్వడానికి అటెండర్‌ను పంపబుద్ధి కాలేదు. నేనే పొలానికి వెళ్లాను. మీ తమ్ముడు కొట్టం ముందు కూర్చుని ఉన్నాడు. కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు.

"నా పెండ్లామే నాకు నోటీసు ఇస్తదా?" అన్నాడు.

"సర్పంచ్ ఇచ్చింది. అందినట్టు ఈడ సంతకం పెట్టు."

కలం నా చేతిలోంచి తీసుకుని సంతకం పెట్టాడు. నేను తెచ్చిన గిన్నె చూపించి, "అన్నం పెట్టాల్నా?" అని అడిగాను. పెట్టమన్నాడు. ముద్ద ముద్దకూ ఆగి తిన్నాడు, నా వైపు చూడలేదు.

చేతులు కడుక్కుంటూ, "ఎప్పటి వరకు తియ్యాలె?" అని అడిగాడు.

"వానలు పడకముందు" అన్నాను.

నీ ప్రశాంతి